నల్లమూత దించిందెవరు

పోయిన ఆదివారం మెరిల్ కోవ్‌లో ఏం జరిగిందో ఊరందరికీ తెలుసు, ఒక్క ముక్క తప్ప. ఆ ముక్క తెలిసిన మనిషి తనొక్కతేనని ఎడ్నా స్ప్రౌల్ నమ్మకం. ఆరు రోజులుగా ఆవిడ దాన్ని మింగలేక, కక్కలేక తిరుగుతోంది.

తెలిసిన సంగతి ఇదీ. ఊరికీ ఎదురుగా ఉన్న గొర్రెల దీవికీ మధ్య గులకరాళ్ళ తిన్నె ఒకటుంది. ఆటుకి బయటపడుతుంది, పోటుకి మునిగిపోతుంది. దీవి మీద పాత చర్చి పునాదులూ, తాతల సమాధులూ ఉన్నాయి కాబట్టి ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం ప్రార్థన అక్కడే. ఈసారి కూడా జనం మడతకుర్చీలు చంకన పెట్టుకుని నడిచి వెళ్ళారు. లొరెట్టా అనే హరికేన్ మూడువందల మైళ్ళ అవతల నడిసముద్రంలో తన దారిన తను పోతోందనీ, ఒడ్డు జోలికి రాదనీ రేడియో చెప్పింది. అది నిజంగానే రాలేదు. కడిగిన పళ్ళెంలా ఉంది ఆకాశం, ఆకు కదల్లేదు. కానీ తిన్నె మునగాల్సిన వేళకి నలభై నిమిషాల ముందే, గాలి లేకుండానే, ఎక్కడో హరికేన్ తోసిన నడుమెత్తు కెరటాలు వరసగా దాని మీదికి ఎక్కాయి. జనం పడుతూ లేస్తూ గట్టెక్కారు. అందరికన్నా వెనక చేతిబండి మీద హార్మోనియం తోసుకొస్తున్న ఆర్నో సిమన్స్ మాత్రం గట్టెక్కలేదు. రెండు రోజుల తర్వాత దొరికాడు. గురువారం పూడ్చిపెట్టారు.

ఇక ఊరికి తప్పు మోయడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి చేతికి అందేలానే ఉన్నాడు. లైమన్ టీల్ తిన్నెకి కాపలాదారు. గడియారం, పోటు వేళల కాగితం చేతిలో పెట్టుకుని తిన్నె నడుమ నిలబడి, వేళకి రేకుబాకా ఊదడం అతని పని. బాకా వినపడితే ప్రార్థన మధ్యలోనైనా లేచి రావాల్సిందే. ఆదివారం అతను ఆలస్యంగా ఊదాడని ఒకరన్నారు. అసలు ఊదనే లేదని ఇంకొకరన్నారు. శనివారం సాయంత్రం నాలుగింటికి టౌన్ హాల్లో సభ పెట్టి అతని దగ్గర బాకా తీసేసుకోవాలని తేల్చారు. ఇవాళే ఆ శనివారం.

ఎడ్నా గురించి కూడా చెప్పాలి. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి బడిలో పాఠాలు చెప్పింది. నలభై ఐదేళ్ళ లోపు వాళ్ళెవరికైనా తప్పుల్లేకుండా కూడడం వచ్చిందంటే ఆవిడ చలవే. బడి మానేశాక కూడా, తండ్రి వదిలివెళ్ళిన, గాలి ఒత్తిడి చూపే భారమితి చూస్తూ, రేడియోలో వచ్చే వాతావరణ సూచన వింటూ, జిల్లా వారపత్రికకి ప్రతి మంగళవారం 'మన గాలి, మన నీరు' అని పావు పేజీ రాసి పంపుతుంది. పత్రిక గురువారం వస్తుంది. ఆదివారం నాటి ఆకాశాన్ని మంగళవారమే తేల్చి చెప్పడం ఎంతటివాళ్ళకైనా కష్టం కాబట్టి, మిగిలిన పని నల్లమూత చేస్తుంది.

నల్లమూత అంటే హెర్రింగ్ చేపల పీపా మూతే, తారు పూసింది. రేవులో ఎరల కొట్టు గోడకి ఒక కొక్కెం ఉంది. దానికి ఆ మూత వేలాడుతుంటే ఎంతటి మొనగాడైనా తిన్నె మీద కాలు పెట్టడు. కట్టే పని స్ప్రౌల్ వాళ్ళ ఇంటిది. తండ్రి ఆ పని అప్పగించేటప్పుడు ఒకే ఒక్క నియమం చెప్పాడు. కట్టిన మూతని ఆ పోటు వచ్చి పోయేదాకా దించకూడదు. ఎండ కాసినా, సముద్రం నిద్రపోతున్నట్టు కనబడినా, కట్టినవాళ్ళకే మనసు మారినా దించకూడదు.

పోయినేడు ఇదే ఆదివారానికి ఇంకో హరికేన్ వస్తోందని ఎడ్నా మూత కట్టింది. ప్రార్థన ఆగిపోయింది. నూట యాభై మందికి కాచిన ఆల్చిప్పల సూపు విరిగిపోయింది. బ్లూబెర్రీ పైలు ఇళ్ళల్లో మూడు రోజులు తిని తిని పిల్లలు మొహం మొత్తి ఏడ్చారు. హరికేన్ మాత్రం ఎటో తిరిగిపోయింది, ఒక్క చినుకు కూడా రాలలేదు. ఇక ఆ చలికాలమంతా ఊరికి వేరే వేళాకోళం లేదు. గిన్నె ఒలికితే "మూత కట్టమని టీచర్‌గారికి చెప్పండి" అనేవాళ్ళు. మంచి ఎండ కాస్తే "ఇవాళ ఎడ్నా తుఫాను" అనేవాళ్ళు. క్రిస్మస్ ముందు రోజు లైమన్ టీల్ బిస్కెట్ల డబ్బా మూతకి నల్లరంగు వేసి ఆవిడ ఉత్తరాల పెట్టెకి వేలాడదీసి, రోడ్డు అవతల నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. లైమన్ ఆవిడతో కలిసి చదువుకున్నవాడు, ఆ చనువుంది. ఎడ్నా కూడా నవ్వింది. ఇంట్లోకి వచ్చాక కోటు విప్పకుండా చాలాసేపు కూర్చుంది.

ఈసారి ప్రార్థనకి ముందు రోజు, శనివారం సాయంత్రం, లెక్కలన్నీ చూసుకుని, చీకటి పడే వేళకి వెళ్ళి మూత కట్టింది. రేవులో ఎవరూ లేరు, అందరూ మర్నాటి వంటల్లో ఉన్నారు. ఆదివారం తెల్లవారుజామున రేడియో పెట్టింది. ఆకాశం నిర్మలం, గాలి స్వల్పం, సముద్రం మధ్యాహ్నం నుంచి లేస్తుంది అని వచ్చింది. మధ్యాహ్నానికి అందరూ ఇళ్ళల్లో ఉంటారు కదా అనుకుంది. ఆరింటికి రేవుకి వెళ్ళింది. నీళ్ళు నూనెలా ఉన్నాయి. అప్పుడు ఆవిడకి గుర్తొచ్చింది సముద్రం కాదు, సూపు గిన్నెలు. రాబోయే చలికాలం గుర్తొచ్చింది. తండ్రి చెప్పిన నియమం గుర్తు రాలేదని అబద్ధమాడడానికి కూడా లేదు, అదీ గుర్తొచ్చింది. అన్నీ గుర్తుండగానే మూత దించి, కోటు కింద దాచుకుని ఇంటికి తెచ్చేసుకుంది.

సభ జరిగే శనివారం ఒంటిగంట వేళ బెర్నీస్ సిమన్స్ వంటింటి తలుపు తట్టింది. ఆర్నో భార్య. ఎడ్నా దగ్గర ఎనిమిదేళ్ళు చదువుకున్న పిల్ల, ఇప్పుడు నలభై నాలుగేళ్ళ మనిషి. చేతిలో ఎడ్నా చిక్కుడుగింజలు ఉడికించి పంపిన మట్టిగిన్నె ఉంది, శుభ్రంగా తోమి, మూతతో సహా.

"అడుగున మీ పేరు అంటించి ఉంది కాబట్టి సరిపోయింది, టీచర్‌గారూ. ఇంకో ఏడు గిన్నెలున్నాయి, ఎవరివో తెలీట్లేదు. ఊళ్ళో సగం మందికి పేరు రాయడం మీరు నేర్పలేదనుకుంటా."

ఆ మాట అని తనే కాస్త నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎడ్నా కుర్చీ లాగి కూర్చోబెట్టి కాఫీ పోసింది. భర్త పోయిన ఆడమనిషికి ఎదురుగా కూర్చోవడం కన్నా ఆ కప్పులో దూకడం నయమనిపించింది.

బెర్నీస్ కాసేపు ఊరికే మాట్లాడింది. పాస్టరుగారు బాగా చూసుకుంటున్నారంది. హార్మోనియం పలకలు ఇంకా ఒడ్డుకి కొట్టుకొస్తున్నాయంది. తర్వాత కప్పు పక్కన పెట్టి, తను వచ్చింది గిన్నె కోసం కాదని చెప్పింది. పోయిన శనివారం సాయంత్రం ఆర్నో పడవ కట్టేసి వస్తూ ఎరల కొట్టు గోడకి నల్లమూత చూశాడట. ఇంటికొచ్చి, రేపు తిన్నె దాటడం లేదు, బండి తోసే పని తప్పింది అని సంబరపడ్డాడట.

మూతని ఎవరూ చూడలేదన్న ధైర్యం ఒక్కటే ఈ ఆరు రోజులూ ఎడ్నాని నిలబెట్టింది. చూసిన ఒక్కడూ చచ్చిపోయినవాడే.

"పొద్దున్న చూస్తే మూత లేదు," అంది బెర్నీస్. "మీరు కట్టారు, టీచర్‌గారూ. నాకు తెలుసు. పోయినేడు ఊరంతా మిమ్మల్ని అంతలా ఏడిపించినా, మళ్ళీ కట్టారు. మా గురించి ఆలోచించింది మీరొక్కరే. ఆ ముక్క చెప్పి మీకు దండం పెట్టిపోదామని వచ్చాను."

ఇదిగో, సరిగ్గా ఇక్కడే ఎడ్నా నోరు తెరవాల్సింది. తెరిచింది కూడా. కానీ బెర్నీస్ బల్ల మీదుగా చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం దొంగసొమ్ము అని తెలిసి కూడా ఎడ్నా చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

మూత దించింది లైమనే అని బెర్నీస్ తేల్చుకుంది. ఆదివారం ఆరు దాటాక మేడమీద కిటికీలోంచి చూస్తే రేవులో అతని ట్రక్కు కనబడిందట. ప్రార్థన ఆగిపోతే బాకా పట్టుకుని పెద్దమనిషిలా నిలబడే రోజు పోతుందని, ఏడాదికొకసారి దొరికే ఆ గొప్ప కోసం తీసేసి ఉంటాడంది. నాలుగింటికి సభలో ఆ మాట లేచి అడుగుతానంది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "మీరూ రండి. మీరు ముందు వరసలో కూర్చుంటే నాకు నోరు లేస్తుంది," అంది.

ఆమె వెళ్ళాక ఎడ్నా మట్టిగిన్నె తీసి అలమరలో పెట్టింది. మళ్ళీ తీసింది. మళ్ళీ తోమింది. లైమన్ ట్రక్కు ఆరింటికి రేవులో ఉందా? తను చూడలేదు. కానీ ట్రక్కు ఉంటే మనిషీ ఉన్నట్టే. మనిషి ఉంటే చూసే ఉంటాడు. చూసినవాడు ఆరు రోజులుగా ఊరి తిట్లన్నీ తింటూ నోరెత్తలేదెందుకు? ఈ ప్రశ్నకి జవాబు తట్టలేదు. తట్టింది ఇంకొకటి. ఇవాళ తను నోరు మూసుకుంటే ఆర్నో ఒక్కడితో ఆగదు, లైమన్ కూడా పోతాడు. అరవై ఏళ్ళ వయసులో ఈ చిన్న ఊళ్ళో మొహం చెల్లని మనిషై బతకడం మునిగిపోవడం కన్నా ఏం తక్కువ కాదు.

నాలుగింటికి టౌన్ హాలు నిండిపోయింది. ఎండ ఏటవాలుగా కిటికీల్లోంచి పడుతోంది, చాలామంది చేతివిసనకర్రలతో విసురుకుంటున్నారు. సభ నడిపే విలిస్ బల్ల మీద రేకుబాకా పెట్టుకుని కూర్చున్నాడు. లైమన్ గోడ పక్కన టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. అతని పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవరూ అటు వెళ్ళలేదు. ఎడ్నా ముందు వరసలో బెర్నీస్ పక్కన కూర్చుంది.

మొదట బాకా సంగతి నడిచింది. ఎన్ని నిమిషాల ఆలస్యం, ఎవరు విన్నారు, ఎవరు వినలేదు, ఇలా ఒక పావుగంట. లైమన్ కాగితం ప్రకారం ఊదాల్సిన వేళకి పది నిమిషాల ముందే ఊదానన్నాడు. నీళ్ళు కాగితం చదువుకుని రావని వెనక నుంచి ఎవరో అన్నారు. అప్పుడు బెర్నీస్ లేచి మూత సంగతీ, లైమన్ ట్రక్కు సంగతీ చెప్పి కూర్చుంది. హాల్లో విసనకర్రలు ఆగిపోయాయి. మూత కట్టి ఉందని, ఎవరో దించారని వినడం ఊరికి అదే మొదటిసారి. విలిస్ మొహం మాడ్చుకుని లైమన్ వైపు తిరిగాడు. ఆదివారం పొద్దున్న రేవులో ఉన్నావా అని అడిగాడు. ఉన్నానన్నాడు. మూత చూశావా అంటే చూశానన్నాడు.

"దించింది నువ్వేనా?"

లైమన్ టోపీని ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. "నేను కాదు."

"మరెవరు?"

"చెప్పను."

హాలంతా ఒక్కసారి గొణిగింది. చెప్పకపోతే నువ్వే అనుకోవాల్సి వస్తుందని విలిస్ హెచ్చరించాడు. అనుకోండి, అన్నాడు లైమన్. అలా అన్నప్పుడు కూడా అతను ఎడ్నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో ఎడ్నాకి తెలిసింది. అతను చూసుంటే బాగుండేది. ఆ చూపుకి కోపం తెచ్చుకుని అయినా కూర్చునే ఉండేదేమో. చూడలేదు కాబట్టి లేచింది.

"మూత దించింది నేను."

ఎవరూ నమ్మలేదు. అదే విచిత్రం. ముప్ఫై ఏళ్ళు సంపాదించుకున్న మంచిపేరు అడ్డం వచ్చింది. విలిస్ చిన్నగా నవ్వి, మీ మంచితనం మాకు తెలుసు, లైమన్‌ని కాపాడాలని చూడకండి, కూర్చోండి టీచర్‌గారూ అన్నాడు. అతనికి రెండో ఎక్కం నేర్పింది కూడా ఆవిడే. ఎడ్నా కూర్చోలేదు. మొదటినుంచి చెప్పింది. ఏ వేళకి కట్టిందీ, ఏ వేళకి దించిందీ, రేడియో ఏమందీ, నీళ్ళు ఎలా ఉన్నదీ, కోటు కింద ఎలా తెచ్చుకున్నదీ. క్లాసులో చెప్పినట్టే, ఒకదాని తర్వాత ఒకటి. చెబుతుంటే గొంతు వణకనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎందుకు దించారు?" అన్నాడు విలిస్. ఈసారి నవ్వలేదు.

"మళ్ళీ నవ్వుతారని."

ఆ రెండు మాటలూ అనడం ఎంత తేలికో అన్నాక గానీ తెలియలేదు. "పోయినేడు మీరంతా నవ్వారు. ఈ ఏడు కూడా నవ్వుతారని భయపడ్డాను. తప్పు మీదని కాదు. మీరు నవ్వింది నన్ను చూసి. నేను భయపడి ఆర్నోని పంపాను. కట్టిన మూత దించకూడదని నాకు మా నాన్న చెప్పాడు, మీకు నేను చెప్పాను. మా నాన్న మాట తప్పడానికి నాకు వేరే కారణం ఏమీ లేదు."

బెర్నీస్ పక్కనే ఉంది. ఎడ్నా ఆమె మొహం వైపు చూడలేకపోయింది. ఒళ్ళో పెట్టుకున్న ఆమె చేతులు మాత్రం కనబడ్డాయి. మధ్యాహ్నం తన చెయ్యి పట్టుకున్న చేతులే. అవి కదల్లేదు.

అప్పుడు లైమన్ గోడ దగ్గర్నుంచి రెండడుగులు ముందుకొచ్చాడు. ఇప్పటిదాకా మాట అడిగితే గానీ పలకని మనిషి, అడక్కుండానే మొదలుపెట్టాడు. ఆదివారం ఆరింటికి ట్రక్కులో ఎర వేసుకోవడానికి రేవులో ఉన్నాననీ, ఎడ్నా మూత దించడం కొట్టు చాటునుంచి చూశాననీ చెప్పాడు. అతని మాటలు ఆవిడకే చెబుతున్నట్టున్నాయి.

"నువ్వు దించి కోటులో పెట్టుకుంటున్నప్పుడు గంట మోగుతోంది, ఎడ్నా. రాళ్ళ దిబ్బ దగ్గర నీళ్ళ మీద తేలుతుండే ఆ గంట. గాలి లేదు. గాలి లేనప్పుడు ఆ గంట మోగిందంటే కింద నీళ్ళు లేస్తున్నాయనే. బడికెళ్ళని వాడిక్కూడా తెలుసు. నీకు ఒక చెవి సరిగ్గా వినపడదు, నాకు తెలుసు. నేను పిలిచి చెప్పాల్సింది."

"ఎందుకు చెప్పలేదు?" అంది ఎడ్నా.

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? క్రిస్మస్‌కి నీ పెట్టెకి మూత కట్టినవాణ్ణి నేను. ఇప్పుడు మళ్ళీ కట్టు అని ఎలా అనను? నీకు నాకన్నా ఎక్కువ తెలుసులే అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక. బాకా ఇంకొంచెం ముందు ఊదితే సరిపోతుందనుకున్నాను." టోపీ పట్టుకున్న చెయ్యి వేలాడేశాడు. "పది నిమిషాలు ముందు ఊదాను. పది నిమిషాలు."

విలిస్ బాకా మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు. ఎవరి దగ్గర్నుంచి ఏం తీసుకోవాలో, ఎవరికి ఇవ్వాలో అతనికి తోచలేదు. గుండె తేలికవుతుందని ఎడ్నా అనుకుంది గానీ కాలేదు. చెప్పేసినంత మాత్రాన ఆర్నో బండి వెనక్కి రాలేదు. ఇద్దరు పంచుకుంటే తప్పు సగమవుతుందని ఎవరైనా అంటే అబద్ధమని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఇద్దరికీ చెరొకటి పూర్తిగా వచ్చింది.

అప్పుడు బెర్నీస్ లేచింది. మూత దించినవాళ్ళని నిలదీయడానికి వచ్చిన మనిషి మొహంలో ఆ కోపం ఎక్కడా లేదు. కోపం ఉన్నన్నాళ్ళూ దాన్ని పట్టుకుని నిలబడింది, ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేనట్టు కుర్చీ వీపు పట్టుకుంది.

"ఆ గంట మా ఆయన కూడా విన్నాడు," అంది.

లైమన్ తలెత్తాడు.

"ఐదున్నరకే లేచి మంచం మీద కూర్చున్నాడు. గంట మోగుతోంది బెర్నీస్, గాలి లేదు, నాకెందుకో వెళ్ళబుద్ధి కావడంలేదు అన్నాడు. నిన్న మూత ఉంది కదా అన్నాడు. కిటికీ దగ్గరికి నేనే వెళ్ళి చూశాను. ఆరు దాటింది, మూత లేదు. లైమన్ ట్రక్కు ఉంది."

"మరి ఎందుకొచ్చాడమ్మా?" అన్నాడు లైమన్. ఆ మాట గుసగుసలా వచ్చింది.

బెర్నీస్ అతని వైపు చూడలేదు. ఎడ్నా వైపు తిరిగింది.

"నేను నవ్వాను, టీచర్‌గారూ. మూతా లేదు, గీతా లేదు, నీ కళ్ళు పోయాయి, బండి తొయ్యడానికి ఒళ్ళు బరువై చెవుల్లో గంటలు మోగుతున్నాయి అని నవ్వాను. సూపు గిన్నె దించడానికి వచ్చిన పక్కింటివాళ్ళ ముందు కూడా ఆ గంటల ముక్క చెప్పి నవ్వాను. వాళ్ళూ నవ్వారు. ఆయన ఇంకేం అనలేదు. లేచి బూట్లు వేసుకున్నాడు."

కుర్చీ వీపు వదిలేసింది. వరసల మధ్యలో ఉన్న ఆ కాస్త చోటులో, ఎడ్నాకి ఎదురుగా వచ్చి నిలబడింది. కొట్టబోతోందో, కాళ్ళ మీద పడబోతోందో, వాటేసుకోబోతోందో చూస్తున్నవాళ్ళెవరికీ తెలియలేదు. ఎడ్నా కూడా కదల్లేదు. ఏది వచ్చినా తీసుకోవడానికి చేతులు రెండూ కిందికి వదిలేసి నిలబడింది.